డ్రైవరు ఉదరశుద్ధి కానందున

ఎర్రగుట్టపాలెం వెళ్లే మొదటి బస్సు జిల్లేడుపాడులో ఎందుకు అంతసేపు ఆగుతుందో ఆ దారిలో పుట్టిపెరిగిన వాళ్లందరికీ తెలుసు. కొత్తగా బదిలీ అయి వచ్చిన టీచర్లకు మాత్రం ఎవరో ఒకరు చెప్పాల్సి వచ్చేది. చెప్పేవాళ్లు కాస్త గొంతు తగ్గించి, "డ్రైవరన్న దిగాడు, వచ్చేస్తాడు. ఈలోగా టీ తాగండి" అనేవాళ్లు. అంతకు మించి ఎవరూ అడిగేవాళ్లు కాదు.

ఆ డ్రైవరన్న పేరు యలమంద. మనిషి దిట్టంగా ఉంటాడు, మాట మెత్తన. తెల్లారగట్ల నల్లగుండ్లపాడు డిపోలో స్టీరింగ్ ముందు కూర్చుని కాలవ వంతెన దాటేదాకా ఆయన కడుపులో ఏ చలనమూ ఉండదు. వంతెన దాటగానే గుంతలు మొదలవుతాయి. అది పేరుకి తారురోడ్డు. తారు ఎక్కడుందో చూపించమంటే మాత్రం ఆ ఊళ్ల పెద్దమనుషులు కాసేపు వెతకాలి. ఒక్కో గుంతలో దిగి లేస్తూ బస్సు పోతుంటే యలమంద లోపల కూడా ఏదో నెమ్మదిగా స్టార్టయ్యేది. జిల్లేడుపాడులో వెంకాయమ్మ టీకొట్టు ముందు బ్రేకు వేసేసరికి అది పూర్తిగా అందుకునేది.

కొట్టు వెనక ప్రభుత్వం వారు కట్టించిన మరుగుదొడ్డి ఒకటుంది. కట్టిన కాంట్రాక్టరు తొందరలో ఉండి, రేకు తలుపుకి బందులు బిగించకుండా కట్టుతీగతో చుట్టేసి పోయాడు. చాలాకాలం వెంకాయమ్మ అందులో పిడకలు దాచుకుంది. యలమంద అవస్థ చూశాక పిడకలు బయటపెట్టి, బకెట్టూ మగ్గూ లోపల పెట్టింది. ఆ ఊరు మొత్తంలో ఆ కట్టడాన్ని ప్రభుత్వం అనుకున్న పనికి వాడిన మనిషి యలమంద ఒక్కడే.

ఆయన వచ్చేలోగా పాలక్యాన్లు టాపు మీదికి ఎక్కేవి, టీచర్లు టీ తాగేవాళ్లు, పిల్లల తల్లులు జడలు అల్లడం పూర్తి చేసేవాళ్లు. యలమంద చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ, ఎవరి మొహంలోకీ చూడకుండా వచ్చి సీట్లో కూర్చునేవాడు. కండక్టరు సువార్త "రైట్" అనేది. అంతే. ఆ రాత్రి ఆయన మంచం ఎక్కితే మళ్లీ కోడి కూసేదాకా లేచేవాడు కాదు. "ఇంట్లో దొంగలు పడినా ఈయన పక్కకి తిరిగి వాళ్లకి చోటిస్తాడు" అనేది భార్య అంకమ్మ.

ఇలా ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా రోజులు గడుస్తుండగా, డిపో మేనేజరు వాచస్పతి గారు శిక్షణకని పట్నం వెళ్లారు.

వాచస్పతి గారికి మేనేజరైన దగ్గర్నుంచి సరిగ్గా నిద్ర పట్టదు. ఉదయం పూట సుఖమూ లేదు. ఈసబ్‌గోల్ డబ్బా ఆయన టేబులు మీద ఫోను పక్కనే ఉంటుంది. అలాంటి మనిషికి శిక్షణలో ఒక డాక్టరుగారు తెర మీద బొమ్మలు వేసి, పెద్దవాళ్లలో పేగు బాగుంటే నిద్ర బాగుంటుందనీ, నిద్ర చెడితే పేగు చెడుతుందనీ, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయనీ చెప్పాడట. పీచు తినండి, నీళ్లు తాగండి, వేళకి పడుకోండి అని కూడా చెప్పాడట. ఆ చివరి మాటలు వాచస్పతి గారి చెవిన పడలేదు. అప్పటికే ఆయన సర్క్యులరు రాసుకుంటున్నారు.

మర్నాడు డిపో గేటు దగ్గర బోర్డుకి అది అంటించి ఉంది.

"ఇందుమూలముగా డ్రైవర్లు యావన్మందికీ తెలియజేయునదేమనగా, పేగు యొక్క స్థితి నిద్ర యొక్క నాణ్యతను నిర్ణయించుననియు, నిద్రలేమి ప్రమాదములకు హేతువగుననియు శాస్త్రీయముగా రుజువైనందున, ఇకమీదట డిపో ఆవరణయందు ఉదరశుద్ధి నిర్ధారణ కాని ఏ డ్రైవరుకునూ వాహనము అప్పగించబడదు."

గేటు దగ్గర డ్రైవర్ల చేత మిషనులోకి ఊదించి, తాగారో లేదో చూసే కంట్రోలరు బాజీకి ఈ అదనపు బాధ్యత ఇచ్చారు.

"ఇన్నాళ్లూ పైనుంచి చూశా. ఇప్పుడు..." అని బాజీ మొదలుపెట్టాడు.

"ఇంకాపు బాజీ. తెల్లారి లేచి ఆ మాట వినలేం" అంది సువార్త. తర్వాత మేనేజరు వైపు తిరిగి, "మరి కండక్టర్ల కడుపుతో పనిలేదా సార్?" అని అడిగింది.

"మీది రెండో దశలో పరిశీలనలో ఉందమ్మా" అన్నారు వాచస్పతి గారు, చాలా మర్యాదగా.

డిపోలో మరుగుదొడ్లు రెండున్నాయి. ఒకదాంట్లో పాత టైర్లున్నాయి. కాబట్టి ఒకటే. దాని ముందు బాజీ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. డ్రైవర్లు వరసలో నిలబడ్డారు. లోపలికి వెళ్లినవాడు మగ్గుతో నీళ్లు గుమ్మరిస్తే బాజీ "అయింది" అనేవాడు. రెండ్రోజుల్లోనే అందరూ ఊరికే నీళ్లు గుమ్మరించి రావడం నేర్చుకున్నారు. అది మేనేజరు గారికి తెలిసింది. నీటి శబ్దం ప్రమాణం కాదని ఇంకో సర్క్యులరు వచ్చింది. ఇకపై బయటికి వచ్చిన డ్రైవరు మొహం చూసి నిర్ణయించాలి. మొహంలో తృప్తి కనిపిస్తే 'సుఖ' వర్గం. అటూ ఇటూ కాకుంటే 'మధ్యమ'. నుదుటన చెమట ఉంటే 'కష్ట'. సుఖ వర్గానికి హైదరాబాదు సర్వీసులు. మధ్యమకు దగ్గరి ఊళ్లు. కష్టవర్గానికి బస్సు లేదు, విశ్రాంతి గదిలో నిర్బంధ నిద్ర.

అప్పట్నుంచీ నల్లగుండ్లపాడు డ్రైవర్లు తృప్తిగా నవ్వడం సాధన చేశారు. కొందరు ఇంట్లో అద్దం ముందు చేశారు. సుఖవర్గం వాళ్లు కాలర్ ఎగరేసుకుని తిరిగారు. ఒకాయన కూతురి పెళ్లిచూపుల్లో "నేను డిపోలో సుఖ కేటగిరీ" అని చెప్పుకున్నాడని విన్నారు. క్యాంటీన్లో మిరపకాయ బజ్జీలు మానేసి చిలగడదుంపలు ఉడకబెట్టారు. గేటు ముందు అరటిపళ్ల బళ్లు వరసకట్టాయి.

బస్టాండులో మైకు మాత్రం ఎప్పటిలాగే నిదానంగా, స్పష్టంగా పలికేది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఒంగోలు వెళ్లు ఎక్స్‌ప్రెస్, డ్రైవరు ఉదరశుద్ధి కానందున ఆలస్యముగా బయలుదేరును. అసౌకర్యమునకు చింతిస్తున్నాము."

"ఎవరి అసౌకర్యానికమ్మా?" అని ఒక ముసలాయన ఎంక్వైరీ కిటికీలోంచి అడిగాడు. "మాదా, డ్రైవరుదా?"

యలమంద వంతు మొదటిరోజే వచ్చింది. ఆయన లోపలికి వెళ్లాడు. నిలబడ్డాడు. కదలని బస్సులో కూర్చున్నట్టు అనిపించింది. నీళ్లు గుమ్మరించి అబద్ధం ఆడదామనుకున్నాడు కానీ బయట కూర్చున్నది బాజీ. బాజీ మేనత్తది జిల్లేడుపాడే.

బయటికొచ్చాక వాచస్పతి గారే ఎదురుపడి, "ఏమయ్యా, అయిందా?" అన్నారు.

యలమంద తలవంచుకున్నాడు. "అయ్యా, నాకిక్కడ అవదండీ. జిల్లేడుపాడులో అవుద్ది."

"జిల్లేడుపాడా! అంటే, డ్యూటీ సమయంలో, సంస్థ పరిధి వెలుపల, అనధికార స్థలంలో, వాహనాన్ని నిలిపివేసి?"

"ఇంజను ఆపే దిగుతానండీ" అన్నాడు యలమంద, అది కొంత నయమేమోనని.

"ఎప్పట్నుంచి జరుగుతోంది ఇది?"

"ఆ బండెక్కిన కాడ్నించీ అంతేనయ్యా. మీకు చెప్పాల్సిన సంగతని తెలవలా."

బస్సు తాళం అప్పుడే తీసేసుకున్నారు. వర్గాలు పెట్టాక యలమందను కష్టవర్గంలో వేసి, విశ్రాంతి గదిలో మంచం చూపించారు. ఆ గదిలో సూపర్‌వైజరు ఒకడు కాపలా. కష్టవర్గం వాళ్లు నిద్రపోతే తట్టి లేపి, "నిద్ర బాగా పడుతోందా?" అని అడగడం అతని ఉద్యోగం.

ఇక ఎర్రగుట్టపాలెం బస్సు ఎవరు నడపాలి? సుఖవర్గం వాళ్లు ఆ గుంతల్లో పోతే తమ వర్గం చెడుతుందని ఒప్పుకోలేదు. మధ్యమ వాళ్లు ఉన్నదీ పోతుందని భయపడ్డారు. బస్సు ఆగిపోయింది. పాలక్యాన్లు ఆటోల్లో వేలాడాయి. టీచర్లు మధ్యాహ్నం భోజనం వేళకి బడికి చేరారు. ఆ విషయంలో పిల్లలెవరూ ఫిర్యాదు చేయలేదు.

బస్సు లేక యలమంద కడుపు నిలిచిపోయింది. కడుపు నిలిచేసరికి నిద్ర పోయింది. నిద్ర కరువయ్యేసరికి కడుపు కదులుతుందన్న ఆ కాస్త ఆశా పోయింది. అంకమ్మ వామునీళ్లు కాచింది, బొప్పాయి తరిగింది, చివరికి నడిబజారులో నిలబడి ఎవర్ని తిడుతున్నదీ చెప్పకుండా తిట్టింది.

"పోనీ, నన్ను ఆటోలో జిల్లేడుపాడు తీసకపో" అన్నాడు యలమంద ఒకరోజు, అవమానం దిగమింగి. వెళ్లాడు. ఏమీ జరగలేదు. ఆటోలో కూర్చోవడం వేరు. ఆ పెద్ద స్టీరింగ్ చేతుల్లో గుంతగుంతకీ కొట్టుకోవాలి, కాలి కింద క్లచ్చి తన్నాలి, వెనక పాలక్యాన్లు గణగణమనాలి. వెంకాయమ్మ టీ ఇచ్చి, ఆయన మొహం చూసి, డబ్బులు తీసుకోలేదు.

వాచస్పతి గారు మాత్రం ఆనందంగా ఉన్నారు. "చూశారా!" అని డిపో సమావేశంలో యలమందను నిలబెట్టి చూపించారు. "పేగు కదలదు. నిద్ర రాదు. శాస్త్రం ఎదురుగా నిలబడి ఉంది." శాస్త్రం కళ్లకింద నల్లచారలతో, తువ్వాలు నలుపుకుంటూ నిలబడింది. "మానవతా దృక్పథంతో ఈ నెలాఖరు వరకు అవకాశం ఇస్తున్నాను. ఆలోగా డిపోలో ఉదరశుద్ధి సాధించని పక్షంలో డ్రైవింగుకి శాశ్వత అనర్హుడిగా ప్రకటించి, బస్సులు కడిగే విభాగానికి బదలాయిస్తాము. సదరు రూటు కూడా రద్దగును."

యలమందకి బస్సులు కడగడం చిన్నతనం కాదు. కానీ కడిగే బస్సు కదలదు. ఆ ఆలోచనతోనే ఆయన కడుపు ఇంకొంచెం బిగిసింది.

నెలాఖరు దగ్గర పడుతుండగా జోనల్ అధికారి గారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. ఈ డిపో పథకాన్ని చూసి, బాగుంటే అన్ని డిపోల్లోనూ పెడతారట. వాచస్పతి గారు కాలు నిలవకుండా తిరిగారు. డ్రైవర్లందరూ నూటికి నూరుపాళ్లు సుఖవర్గంలో ఉండాలి. అదృష్టాన్ని నమ్ముకుంటే లాభం లేదు. ముందురోజు సాయంత్రం డ్యూటీ దిగిన ప్రతి డ్రైవరుకీ గేటు దగ్గరే బాజీ గ్లాసుడు ఆముదం పోశాడు. ఊదే మిషను పక్కనే నిలబడి తాగాలి. తాగినట్టు నోరు తెరిచి చూపించాలి. కష్టవర్గాన్ని లెక్కలోంచి ముందే తీసేశారు కాబట్టి యలమందకి పోయలేదు.

"నాకూ కాస్త పోయరా" అన్నాడు యలమంద.

"నీకు ఆర్డరు లేదన్నా" అన్నాడు బాజీ, కళ్లనీళ్లు పెట్టుకున్నంత పనిచేసి.

పొద్దున జోనల్ అధికారి గారి కారు వచ్చేసరికి పథకం ఊహించినదానికంటే బాగా పనిచేస్తోంది. టైర్లు బయట పారేసి రెండో దొడ్డి కూడా తెరిచారు. చాలలేదు. గ్యారేజీ వెనక కంపచెట్లలో ఖాకీ చొక్కాలు కనిపిస్తున్నాయి. ఒక్కో డ్రైవరూ తృప్తిగా మొహం పెట్టి బయటికొచ్చి, బస్సుదాకా నడిచి, ఒక కాలు మెట్టు మీద పెట్టి, ఆలోచించి, వెనక్కి పరుగెత్తుతున్నాడు. అన్ని బస్సులూ డిపోలోనే ఉన్నాయి. దూరంగా బస్టాండు మైకు ఒక్కో ఊరి పేరే చదువుతూ పోతోంది.

"ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి" అన్నారు జోనల్ అధికారి గారు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని. "అయితే బస్సు నడుస్తూ ఉండగా కూడా పరిశీలించవలసి ఉంది. ఏదైనా ఒక సర్వీసు ఎక్కుదాం."

వాచస్పతి గారు బాజీ వైపు చూశారు. బాజీ విశ్రాంతి గది వైపు చూశాడు. ఆ డిపోలో ఆ క్షణాన రెండు కాళ్ల మీద నిలబడగలిగిన డ్రైవరు యలమంద ఒక్కడే.

తాళం చేతిలో పెడుతూ మేనేజరు గారు పళ్లబిగువున అన్నారు: "కష్టవర్గమని పొరపాటున కూడా అనకు. నవ్వు."

యలమందకి నవ్వమని చెప్పాల్సిన అవసరం లేకపోయింది. స్టీరింగ్ మీద చెయ్యి వేయగానే అదే వచ్చింది.

సువార్త టికెట్లు కొట్టింది. ఎర్రగుట్టపాలెం బస్సు మళ్లీ కదిలిందని ఎలా తెలిసిందో గానీ, దారిపొడుగునా జనం పరుగెత్తుకొచ్చి ఎక్కారు. అధికారులిద్దరికీ ముందుసీటు ఇచ్చారు. జోనల్ అధికారి గారి ఒళ్లో ఎవరో వంకాయల గంప పెట్టి, "కాస్త పట్టుకో నాయనా" అని వెనక్కి పోయారు.

కాలవ వంతెన దాటింది. మొదటి గుంత వచ్చింది. అధికారులిద్దరూ సీటు మీంచి లేచి, ఒకరి ఒళ్లో ఒకరు పడబోయి ఆగారు. రెండో గుంతకి వాచస్పతి గారు "ఈ రోడ్డు..." అన్నారు. మూడో గుంతకి మాట మింగేశారు. ఆ తర్వాత ఆయన మొహం మారింది. ఏళ్లుగా కబురు లేని చుట్టం గుమ్మంలో నిలబడి తలుపు తట్టినట్టు ఒక ఆశ్చర్యం. పక్కకి తిరిగి చూస్తే జోనల్ అధికారి గారి మొహంలోనూ అదే ఆశ్చర్యం. 

"ఇంకెంత దూరం?" అన్నారు జోనల్ అధికారి గారు, గంపని గట్టిగా పట్టుకుని.

"జిల్లేడుపాడు వచ్చేసింది సార్" అంది సువార్త. "ఇక్కడ కాసేపు ఆగుద్ది."

"చాలా మంచి పద్ధతి" అన్నారాయన.

బ్రేకు పడింది. ముగ్గురూ ఒకేసారి దిగారు. మరుగుదొడ్డి ఒకటే. దాని ముందు ముగ్గురూ నిలబడ్డారు. యలమందకి కళ్లు తిరుగుతున్నాయి. ఇన్నాళ్లదీ ఒక్కసారిగా అందుకుంది.

"హోదా ప్రకారం..." అని వాచస్పతి గారు గొంతు సవరించుకున్నారు.

"నిస్సందేహంగా" అంటూ జోనల్ అధికారి గారు లోపలికి నడిచారు. తర్వాత వాచస్పతి గారు. బస్సులో వాళ్లందరూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు.

"ఏందిది సువార్తా, మన డ్రైవరన్న బయట నిలబడ్డాడు?" అంది పాలక్యాన్ల ఆదెమ్మ.

"పై నుంచి కిందికి వస్తన్నారు. ఆర్డరు."

"ఆర్డరు దాకా ఈయన ఆగేటట్టు లేడే తల్లీ! ఏమయ్యో మేనేజరూ, బండి నడిపేది నువ్వా ఆయనా? తొందరగా రావయ్యా!"

బస్సంతా ఒక్క గొంతుతో "తొందరగా రావయ్యా" అంది. వాచస్పతి గారు తృప్తిగా, తీరిగ్గా, నుదుటన చెమటచుక్క లేకుండా బయటికొచ్చారు. బాజీ ఉంటే కళ్లు మూసుకుని సుఖవర్గం అనేవాడు. యలమంద లోపలికి దూకాడు.

బస్సు ఎర్రగుట్టపాలెం పోయి తిరిగొస్తుంటే ముందుసీట్లోంచి గుర్రు వినిపించింది. జోనల్ అధికారి గారు వంకాయల గంప మీద చెంప ఆనించి నిద్రపోతున్నారు. ఆయన భుజం మీద వాచస్పతి గారు. నోరు తెరుచుకుంది. గుంతలు వాళ్లను ఎగరేసి పట్టుకుంటున్నా మెలకువ రాలేదు.

"పాపం, ఎన్నాళ్లయిందో కునుకు పట్టి" అంది సువార్త. యలమంద గేరు తగ్గించాడు.

నెల తిరక్కుండానే నివేదిక వచ్చింది. ఉదరశుద్ధి పథకం ఘనవిజయం సాధించిందనీ, ఆ విజయం పూర్తిగా డిపో మేనేజరు గారి దూరదృష్టి వల్లనేననీ అందులో ఉంది. ఎర్రగుట్టపాలెం రూటును 'ఉదరశుద్ధి మార్గం'గా ప్రకటించారు. అధికారులు వారానికోసారి ఆ బస్సులో ప్రయాణించాలి. యలమందకి ఆయన బస్సు ఆయనకి తిరిగొచ్చింది, వర్గం ఊసు లేకుండానే.

రోడ్డు వేయమని ఆ ఊళ్లవాళ్లు ఏళ్లుగా పెట్టుకుంటున్న అర్జీకి కూడా చివరికి జవాబు వచ్చింది. "సదరు మార్గమందలి గుంతలు ప్రజారోగ్య ప్రాధాన్యత కలిగినవైనందున, వాటిని పూడ్చుట నిషేధించడమైనది. పూడిపోయినచో తిరిగి త్రవ్వించబడును." సర్పంచి ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇన్నాళ్లకి మన రోడ్డు మీద గవర్నమెంటు కన్ను పడింది" అన్నాడు.

మళ్లీ సోమవారం మొదటి బస్సు జిల్లేడుపాడులో ఆగింది. యలమంద దిగి కొట్టు వెనక్కి నడిచాడు. దొడ్డికి సున్నం కొట్టి ఉంది. తలుపుకి కొత్త గడియ, దానికి అరచేయంత తాళం. పైన బోర్డు: "అధికారులకు మాత్రమే. తాళంచెవి డిపో మేనేజరు కార్యాలయములో లభించును."

యలమంద తువ్వాలు భుజాన వేసుకుని ఆ బోర్డు వైపు చూస్తూ నిలబడిపోయాడు. కడుపులో బండి పూర్తి వేగంలో ఉంది. వెనక బస్సులో టీచర్లూ ఆదెమ్మా పాలక్యాన్లూ చూస్తున్నారు.

వెంకాయమ్మ టీగిన్నె దించి, చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. "గోడలకి సున్నం కొట్టారు, గడియ పెట్టారు, బోర్డు పెట్టారు. ఈ పక్కకి ఒక్కడూ రాలా" అంటూ తలుపు రెండో అంచు దగ్గర కూర్చుని, కాంట్రాక్టరు చుట్టి పోయిన కట్టుతీగ మెలి విప్పింది. తాళం తాళంలాగే వేలాడుతోంది. తలుపు మాత్రం అటువైపు నుంచి తెరుచుకుంది.

"పో నాయనా" అంది. "వచ్చేటప్పుడు మళ్లీ చుట్టి రా. వాళ్ల తాళం పాడవకూడదు."

కాసేపటికి యలమంద చేతులు తుడుచుకుంటూ, ఎవరి మొహంలోకీ చూడకుండా వచ్చి సీట్లో కూర్చున్నాడు. "రైట్" అంది సువార్త. బస్సు కదిలి, నిషేధాజ్ఞల రక్షణలో ఉన్న మొదటి గుంతలోకి దిగింది.